నిజంగా బతికిన మనుషుల మీద రాసిన నవలలు: ఎంతవరకు నమ్మి చదవాలి?

పేజీమడత
చారిత్రక నవలలంటే నాకు ప్రాణం. కానీ ఈమధ్య ఒక చిక్కు వచ్చిపడింది. కథానాయకుడు రచయిత ఊహలోంచి పుట్టినవాడైతే హాయిగా చదివేస్తాను. నిజంగా బతికిన మనిషైతే మాత్రం పేజీకో అనుమానం. ఈ ఉత్తరం నిజంగా రాశాడా? తమ్ముణ్ణి నిజంగా చంపించాడా? వెంటనే ఫోన్ తీసి వెతకడం, మళ్లీ పుస్తకంలోకి వచ్చేసరికి ఆ సన్నివేశం చల్లారిపోవడం.

మొన్న పూర్తిచేసిన నవలలో ఒక రాణి సవతి కొడుక్కి విషం పెట్టిస్తుంది. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. తీరా చూస్తే ఆ పిల్లవాడు జ్వరంతో పోయాడని ఆ కాలంవాళ్లే రాసిపెట్టారు. రచయిత ముందుమాటలో గానీ చివర గానీ దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ పోయి వందల ఏళ్లయింది, లేచొచ్చి నేను చెయ్యలేదని చెప్పుకోలేదు కదా.

మీరెలా చదువుతారు? మధ్యలో వెతుకుతారా, ఆఖర్న వెతుకుతారా, అసలు పట్టించుకోరా?

నిదానం
ముందు నవల, తర్వాత చరిత్ర. చదివినంతసేపూ ఫోన్ పక్కగదిలో ఉండాలి. అంతే.

అరుగుకబుర్లు
అట్ట మీద ‘నవల’ అని వేశాక రచయిత ఇంకా ఏం చెప్పాలండీ? భారతం చదువుతూ శకుని పాచికలకి ఎవరైనా సాక్ష్యం అడుగుతారా? కథ మిమ్మల్ని పట్టి కూర్చోబెట్టిందా లేదా, అది చూడాలి. ఎవరు ఎవరికి విషం పెట్టారో చరిత్రకారులు చూసుకుంటారు.

కొండగాలి
@అరుగుకబుర్లు శకుని తాలూకు వాళ్లెవరూ వచ్చి మీ ఇంటి ముందు ధర్నా చెయ్యరు కాబట్టి ఆ పోలిక మీకు సులువుగా వచ్చింది. కావ్యంలో పాత్రా, శాసనాల్లో పేరున్న మనిషీ ఒకటెలా అవుతారు?

దీపకళిక
“చరిత్రకారులు చూసుకుంటారు” అన్నచోటే నా పేచీ. వాళ్లు చూసుకున్నారు, ఏం లాభం?

సంగీతకర్త సాలియేరీ సంగతే తీసుకోండి. ఆయన కాలంవాడే అయిన సంగీతకర్త మొజార్ట్ 1791లో పోయాడు. సాలియేరీ విషం పెట్టాడన్న పుకారు ఆయన బతికుండగానే లేచింది. ఆయన 1825లో పోతే, 1830లో రష్యన్ కవి పుష్కిన్ ఆ పుకారునే నాటకంగా రాసేశాడు. తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో ఇంకో నాటకం, దాని మీంచి 1984లో సినిమా, ఆ సినిమాకి ఎనిమిది ఆస్కార్లు. ఇప్పుడు ఎవర్ని కదిపినా సాలియేరీ అంటే అసూయతో కుళ్లిపోయిన అరకొర విద్వాంసుడు.

అసలు మనిషి ఎవరు? బేతోవెన్‌కీ, షూబెర్ట్‌కీ, లిస్ట్‌కీ పాఠం చెప్పిన గురువు. మొజార్ట్ పోయాక ఆయన చిన్నకొడుకు కూడా ఈయన దగ్గరే నేర్చుకున్నాడు. మొగుడికి విషం పెట్టాడని అనుమానం ఉంటే ఏ తల్లయినా కొడుకుని ఆ ఇంటికి పంపిస్తుందా? 1785లో మొజార్ట్, సాలియేరీ ఇద్దరూ కలిసి ఒక పాటకి బాణీలు కట్టారు కూడా. ఎక్కడో పోయిందనుకున్న ఆ ప్రతి 2015లో ప్రాగ్‌లోని సంగీత మ్యూజియంలో బయటపడింది. ఆ వార్త ఎంతమందికి తెలుసు?

నాసిరకం నవల ఏం రాసినా ఆర్నెల్లలో జనం మర్చిపోతారు. గొప్పగా రాసినదే మనిషి నెత్తిన నింద శాశ్వతంగా కూర్చోబెడుతుంది.

రాత్రిరైలు
సాలియేరీ తరఫున వకాల్తా అదిరింది. ఫీజు ఎవరిస్తున్నారో మరి :)

అరుగుకబుర్లు
@దీపకళిక ఆ సినిమా రాకపోతే మీకూ నాకూ సాలియేరీ పేరే తెలిసేది కాదు. సినిమా చూశాకే ఆయన సంగీతం వెతుక్కుని విన్నాను నేను. మట్టిలో కలిసిపోయిన పేరుని కథ బయటికి తీసింది, అదీ లెక్కలో వెయ్యాలి.

దీపకళిక
పేరు బయటికి తియ్యడానికి హంతకుణ్ణి చెయ్యక్కర్లేదు.

నల్లబల్ల
నేను బడిలో చరిత్ర చెబుతాను. ఈ గొడవ నాకు ప్రతి ఏడూ ఉండేదే.

ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ చిత్తోడ్‌ని ముట్టడించింది 1303లో. ఆ దండయాత్రలో వెంట ఉన్న కవి అమీర్ ఖుస్రో దాని గురించి రాశాడు, చిత్తోడ్ రాణి పద్మిని పేరు మాత్రం ఎత్తలేదు. మనకి తెలిసిన పద్మిని కథ జాయసీ కావ్యంలోది, అది 1540 నాటిది. మధ్యలో 237 ఏళ్లు. కానీ పిల్లలు జవాబుపత్రంలో సుల్తానుకి పద్మిని ముఖం అద్దంలో చూపించిన ముచ్చట పూసగుచ్చినట్టు రాస్తారు. కొట్టేస్తే “సినిమాలో చూశాం సార్” అంటారు. వాళ్లని ఏమని తిట్టను?

అలాగని నవలలు వద్దని నేను ఎప్పుడూ అనను. రాజ్యాల పేర్లూ తేదీలూ బట్టీపట్టిన పిల్లాడికి ఆ రోజుల్లో ఒక మనిషి చలికి వణికాడనీ, అప్పుకి భయపడ్డాడనీ నవలే చెబుతుంది. నేనొక పని చేయిస్తాను. ఒక అధ్యాయం ఇచ్చి పెన్సిల్ పట్టుకోమంటాను. ప్రతి పేరా పక్కన ఒకటే ప్రశ్న: “ఇది ఎవరు చూసి ఉంటారు?” నిండు సభలో జరిగితే పదిమంది చూశారు, ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండొచ్చు. రాజూ మంత్రీ ఇద్దరే తలుపు వేసుకుని మాట్లాడుకుంటే ఎవరు విన్నారు? రాణి అర్ధరాత్రి ఒంటరిగా ఏడిస్తే? అక్కడ రచయిత తప్ప వేరే సాక్షి లేడు. అధ్యాయం అయ్యేసరికి పెన్సిల్ గుర్తులు చూస్తే, మనసుకి హత్తుకున్న చోట్లన్నీ సాక్షి లేనివే అని పిల్లలే పట్టుకుంటారు. ఒకమ్మాయి అడిగింది, “అయితే సార్, బాగున్నవన్నీ అబద్ధాలేనా?” అని. ఆ ప్రశ్న మీద ఇంకో పీరియడ్ గడిచిపోయింది.

నిదానం
“ఎవరు చూసి ఉంటారు?” ఇది నాకు నచ్చింది. వాడుకుంటాను.

పేజీమడత
నల్లబల్ల గారూ, ఇది ఫోన్‌లో వెతకడం కన్నా చాలా నయం. పుస్తకం చేతిలోంచి దించకుండానే పని అయిపోతుంది.

సిరామరక
రాసేవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. నూరేళ్ల కిందట బతికిన ఒక ఉపాధ్యాయురాలి మీద నవల రాస్తున్నాను. ఇంకా పూర్తికాలేదు, అందుకని పేరు చెప్పను. ఆవిడ తన అన్నగారికి రాసిన ఉత్తరాలు కొన్ని మిగిలాయి. మొదట వాటిని చూసి సంబరపడిపోయాను. రాయడానికి కూర్చున్నాక తెలిసింది, ఉత్తరాలన్నీ అన్నగారికే రాసినవి! అన్నకి చెప్పగలిగినవే అందులో ఉన్నాయి. బడి గురించి, జీతం ఆలస్యం గురించి, వదినగారి ఆరోగ్యం గురించి. భర్త పోయిన ఏడాది ఒక్క ఉత్తరమూ లేదు. ఆ తర్వాత దొరికిన మొదటి ఉత్తరం మామూలుగా, బడికి కొత్త బెంచీలు వచ్చాయన్న మాటతో మొదలవుతుంది.

నా నవలంతా ఆ ఏడాదిలోనే ఉంది. చరిత్రకారుడైతే “ఆధారాలు లేవు” అని ఒక వాక్యం రాసి ముందుకెళ్లాలి, అది అతని ధర్మం. నేను అక్కడ ఆగి ఆ ఇంట్లోకి వెళ్లాలి. కానీ నాకు నేను కొన్ని హద్దులు పెట్టుకున్నాను. సంభాషణలన్నీ నావే, తేదీలు మాత్రం ఒక్కటీ మార్చను. ఉత్తరాల్లో లేనిది ఊహిస్తాను గానీ, ఉత్తరాల్లో ఉన్నదానికి ఎదురు రాయను. ఆవిడ మీదికి గానీ ఆ ఇంట్లో ఇంకెవరి మీదికి గానీ ఆధారం లేని నేరం తోయను. పేజీమడత గారు చెప్పిన నవల ఈ మూడో హద్దు దాటింది, అందుకే మీకు కోపం వచ్చింది. సబబైన కోపమే.

రాత్రిరైలు
@సిరామరక తేదీలు మార్చకుండా కథ నడపడం కుదురుతుందా నిజంగా? జీవితానికి క్లైమాక్స్ ఉండదు కదా. ముఖ్యమైన మనుషులిద్దరూ ఒక్కసారైనా ఎదురుపడకపోతే నవల ఎలా నిలబడుతుంది?

సిరామరక
కుదురుతుంది, నడుం విరుగుతుంది అంతే. హిలరీ మాంటెల్ ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ మీద రాసిన నవలల సంగతి వినే ఉంటారు, మొదటి రెండూ 2009లో, 2012లో బుకర్ గెలిచాయి. ఆవిడ ఒక్కో పాత్రకీ కార్డులు పెట్టుకుని, ఎవరు ఏ తేదీన ఎక్కడున్నారో వాటి మీద రాసుకునేది. ఆ రోజు ఆ మనిషి ఇంకో ఊళ్లో ఉంటే ఈ సన్నివేశంలోకి రాకూడదు. ఆ పట్టుదల వల్లే చదివేవాళ్లకి ఆ గదుల్లో తిరిగినట్టుంటుంది.

దీపకళిక
మంచి ఉదాహరణే గానీ, అక్కడ కూడా ఒకరిని ఎత్తితే ఒకరు దిగారు. అదే హెన్రీ దగ్గర మంత్రిగా చేసిన థామస్ మోర్‌ని మహాత్ముడిగా, క్రామ్‌వెల్‌ని దుర్మార్గుడిగా చూపించిన నాటకం 1960లో వచ్చింది. మాంటెల్ చేతికొచ్చేసరికి క్రామ్‌వెల్ మీద మనకి జాలి కలుగుతుంది, మోర్ మొండివాడిగా, కటువుగా కనిపిస్తాడు. ఇద్దరి తలలూ ఎనిమిదో హెన్రీ కాలంలోనే ఎగిరిపోయాయి, మోర్‌ది 1535లో, క్రామ్‌వెల్‌ది 1540లో. తేదీలు అవే, మనుషులు మారిపోయారు. కాబట్టి తేదీ మార్చలేదు అన్నంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు.

సిరామరక
ఒప్పుకుంటాను. ఎవరి కళ్లతో చూపిస్తున్నామన్నదే అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. అందుకే ఒకే మనిషి మీద రెండు నవలలుంటే రెండూ చదవమంటాను.

అరుగుకబుర్లు
నేనూ ఒక పుస్తకం చెబుతాను. తెన్నేటి సూరి గారి ‘చెంఘిజ్ ఖాన్’. బళ్లో చదివిన చెంఘిజ్ ఖాన్ అంటే ఊళ్లు తగలబెట్టినవాడు, అంతే. ఆ నవల చదివాక తొలిసారి ఆ మనిషి ఒక తల్లికి కొడుకుగా, తిండికి మాడిన పిల్లాడిగా కనిపించాడు. నాకు చరిత్ర మీద ఆసక్తి పుట్టిందే అక్కడ. ఈ లెక్కలన్నీ వేసుకుని ముందే అనుమానంతో చదివి ఉంటే నాకు ఆ అనుభవం దక్కేదా?

నల్లబల్ల
@అరుగుకబుర్లు దక్కదు, నిజమే. మొదటిసారి చదివేటప్పుడు లొంగిపోయి చదవాల్సిందే. కానీ అక్కడితో ఆగకండి. మంగోలుల ‘రహస్య చరిత్ర’ అని ఒకటుంది, చెంఘిజ్ ఖాన్ 1227లో పోయాక ఆ శతాబ్దంలోనే ఆయన సొంత మనుషులు రాసుకున్నది. చిన్నతనంలో తమ్ముడితో కలిసి సవతి అన్న బెఖ్తెర్‌ని బాణాలతో కొట్టి చంపిన సంగతి అందులో ఉంది. ఒక చేప దగ్గర, ఒక పిట్ట దగ్గర వచ్చిన తగువు. అది విని తల్లి కొడుకులిద్దర్నీ ఎంత తిట్టిందో కూడా రాశారు. తమ మహానాయకుడి మొదటి హత్యని వాళ్లు దాచుకోలేదు. నవలాకారుడు కల్పించినా ఇంత గట్టి సన్నివేశం వస్తుందా అనిపిస్తుంది.

అరుగుకబుర్లు
ఇది నాకు తెలియదు. చదువుతాను.

తాళపత్రి
ఇంతసేపూ చదివి ఊరుకున్నాను గానీ, ఇది నా సొంత గొడవ కూడా. మా ముత్తాత ఒక నవలలో విలన్.

దొరల కాలంలో ఆయన కరణం. ఆ రోజుల్లో జరిగిన ఒక తిరుగుబాటు మీద చాలా ఏళ్ల తర్వాత ఎవరో నవల రాశారు. అందులో కరణం భూముల కాగితాలు తారుమారు చేసి, తిరగబడ్డ కుర్రాణ్ణి పట్టించి, బదులుగా మాన్యం సంపాదిస్తాడు. ఊరి పేరు అదే, ఇంటిపేరు అదే, ఒక కన్ను మెల్ల అన్న గుర్తుతో సహా. చుట్టాల పెళ్లిలో ఒకాయన నవ్వుతూ “మీరు ఫలానా కరణం గారి మనవలు కదూ” అన్నప్పుడు మా నాన్న ముఖం నేను చూశాను.

మా ఇంట్లో ఆయన చిఠ్ఠా పుస్తకం ఉంది. అట్ట చెదలు తినేసింది, లోపలి కాగితాలు బాగానే ఉన్నాయి. ఆ తిరుగుబాటు జరిగిన ఏడాది పుస్తకం మధ్యలో దస్తూరీ మారిపోతుంది. అప్పటిదాకా సన్నగా, కుడివైపుకి వాలిన అక్షరాలు. తర్వాత లావుపాటి గుండ్రటి అక్షరాలు, అంకెల కింద గీత. అది ఆయన బావమరిది రాత. ఆ ఏడు మా ముత్తాతకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మళ్లీ కలం పట్టలేదు. నవలలో మాత్రం ఆయన ఆ నెలల్లోనే రాత్రుళ్లు దీపం పెట్టుకుని దొంగ కాగితాలు రాస్తూ ఉంటాడు.

మా నాన్న రచయితకి ఉత్తరం రాశాడు. “ఇది నవల, చరిత్ర కాదు” అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. నవలే అయితే ఊరి పేరు మార్చొచ్చు కదా? ఇంటిపేరు మార్చొచ్చు కదా? నిజం తాలూకు బరువు కావాలి, నిజం తాలూకు బాధ్యత మాత్రం వద్దు.

నిదానం
తాళపత్రి గారూ, ఆ మెల్లకన్ను కూడా వాడుకోవడం దారుణం.

కొండగాలి
@తాళపత్రి మీ బాధ అర్థమైంది. కానీ అడక్కుండా ఉండలేకపోతున్నాను. ఏ కుటుంబమైనా తన పెద్దల కథ కాస్త అందంగానే చెప్పుకుంటుంది. ఆ కుర్రాడి తరఫు ఇంట్లో చిఠ్ఠాలు ఉండవు, రాత తెలిసినవాడి పుస్తకమే మిగులుతుంది. వాళ్లు నోటితో చెప్పుకున్న కథే రచయితకి దొరికి ఉండొచ్చు కదా?

తాళపత్రి
@కొండగాలి ఉండొచ్చు. మా ముత్తాత మహానుభావుడని నేను అనలేదు. లంచం తిన్నాడేమో, ఆ రోజుల్లో తినని కరణాలు తక్కువ. కాగితాలు నిజంగానే తారుమారై ఉండొచ్చు, బావమరిదే చేసి ఉండొచ్చు. కానీ పడిపోయిన చేత్తో ఆయన రాయలేదు. నేను అడిగేది ఆ ఒక్క ముక్కే. వాళ్లింటి కథ విన్నానని రచయిత చివర రెండు లైన్లు రాసినా నేను సమాధానపడేవాణ్ణి.

కొండగాలి
అది న్యాయమైన మాట.

రాత్రిరైలు
చట్టంలో ఏమీ లేదా దీనికి? పోయినవాళ్ల పరువు అని.

కొండగాలి
ఉంది, కానీ ఇరుకు దారి. పోయిన మనిషి మీద వేసిన నింద, ఆ మనిషి బతికుంటే పరువు పోయేలా ఉండి, దగ్గరి బంధువుల మనసు నొప్పించాలన్న ఉద్దేశంతో వేసినదైతే పరువునష్టం కిందికి రావొచ్చని పాత శిక్షాస్మృతి 499వ సెక్షన్ వివరణలో ఉండేది. ఇప్పుడు న్యాయసంహితలో అది 356. ఆ ఉద్దేశం రుజువు చెయ్యాలి, అక్కడే కష్టం. నన్నడిగితే నవలల్ని కోర్టులకి ఈడ్చడం మొదలైతే రేపు ఎవరూ ఏ రాజు గురించీ నోరు విప్పలేరు. జవాబుగా ఇంకో పుస్తకం రావాలి, కేసు కాదు.

నిర్వాహకులు
ఆ నవల పేరు ఊహించి రాస్తున్న రెండు పోస్టులు తీసేశాం. తాళపత్రి గారు పేరు చెప్పలేదు, మనమూ వెతకొద్దు.

కొండగాలి
జవాబుగా ఇంకో పుస్తకం అన్నాను కదా, మనకి బాగా తెలిసిన ఉదాహరణ పల్నాటి నాగమ్మ. పల్నాటి యుద్ధం 1182 ప్రాంతంలో జరిగిందంటారు. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద వీరచరిత్ర పదిహేనో శతాబ్దానిది. అంటే నాగమ్మని మనకి పరిచయం చేసినవాళ్లెవరూ ఆవిడని చూసినవాళ్లు కాదు, పైగా ఆ కథ అవతలి పక్షపు వీరుల్ని కొలుస్తూ పాడుకున్నది. కోడిపందెంలో మోసం, వనవాసం, యుద్ధం, అన్నీ ఆవిడ నెత్తినే. ఆ కాలంలో ఒక ఆడది నలగామరాజు దగ్గర మంత్రాంగం నడిపిందన్న అసలు విశేషం పక్కకి పోయింది. ఇప్పుడు ఆవిడ వైపు నుంచి చూసి రాస్తున్నవాళ్లున్నారు. వాళ్లదీ కల్పనే, కానీ ఆ తక్కెడలో రెండో పళ్లెం ఇన్నాళ్లూ ఖాళీగా ఉంది.

దీపకళిక
ఇలాంటిదే ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ కథ. 1485లో యుద్ధంలో పోయాడు. ఆయన్ని ఓడించి గద్దెనెక్కినవాడి మనవరాలు రాణిగా ఉన్న రోజుల్లో షేక్‌స్పియర్ నాటకం వచ్చింది. గూనివాడు, ఎండిపోయిన చెయ్యి, అన్న పిల్లల్ని చంపించిన రాక్షసుడు. 2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద ఎముకలు దొరికాయి. వెన్ను పక్కకి వంగి ఉంది గానీ గూని కాదు, చేతులు రెండూ బాగానే ఉన్నాయి. నాలుగొందల ఏళ్లు నాటకమే ఆయన ఒంటిని కూడా రాసిపెట్టింది.

అరుగుకబుర్లు
పిల్లల్ని చంపించలేదని ఎముకలు చెప్పలేదుగా?

దీపకళిక
చెప్పలేదు. అది ఇప్పటికీ తేలలేదు. ఒళ్లు వరకే తేలింది.

రాత్రిరైలు
ఇంకో రకం చిక్కు కూడా ఉంది. రచయిత కావాలని మార్చలేదు, ఆ రోజుకి తెలిసింది అంతే. పాత నవలల్ని ఏం చెయ్యాలి?

నల్లబల్ల
మంచి ప్రశ్న. రుద్రమదేవినే చూడండి. ఆమె 1295 దాకా ఏలిందని చాలాకాలం అనుకున్నారు. ఆ తర్వాత నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం వెలుగులోకి వచ్చింది. 1289 నవంబరు నాటిది. పువ్వుల ముమ్మడి అనే బంటు, శివలోకానికి వెళ్లిన రుద్రమకీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని భూమి దానం చేసినట్టు అందులో ఉంది. రాణీ సేనానీ ఇద్దరి పేర్లూ ఒకే దానంలో. సామంతుడు కాయస్థ అంబదేవుడి తిరుగుబాటును అణచబోయి యుద్ధంలోనే పోయి ఉంటారని చరిత్రకారుల ఊహ. అంతకు ముందు నవల రాసినవాళ్లకి ఆ ముగింపు ఊహకే అందదు. మనవడు ప్రతాపరుద్రుడికి రాజ్యం అప్పజెప్పి ప్రశాంతంగా కన్నుమూసిందని రాస్తే అది వాళ్ల తప్పు కాదు.

ఇంకొకటి. మగవేషం వేసి ఆడపిల్లన్న సంగతి దాచారన్న కథ మనకి భలే ఇష్టం. శాసనాల్లో ఆమెని ‘రుద్రదేవ మహారాజు’ అని మగపేరుతోనే రాసిన మాట నిజం. అంతవరకే ఆధారం. దాచారా, లేక గద్దె మీద కూర్చున్నవాళ్లని అలా పిలవడం ఆనవాయితీ అనా, అక్కడి నుంచి ఎవరి ఊహ వారిది.

పేజీమడత
పువ్వుల ముమ్మడి! ఇంత యుద్ధం గురించి మనకి సమాచారం ఇచ్చింది ఒక మామూలు బంటు. అతని మీద నవల ఎవరైనా రాస్తే నేను మొదటి రోజే కొంటాను.

సిరామరక
@పేజీమడత మీరు తెలియకుండానే అసలు కిటుకు చెప్పేశారు. చాలామంది రచయితలు చేసేది అదే. పెద్దవాళ్లని దూరంగా పెట్టి, పక్కనున్న ఊరూపేరూ లేని మనిషిని ముందుకు తెస్తారు. స్కాట్లండ్ నవలాకారుడు వాల్టర్ స్కాట్ 1814లో మొదలుపెట్టిన పద్ధతి. టాల్‌స్టాయ్ కూడా ‘యుద్ధము - శాంతి’లో 1812 యుద్ధం రాస్తూ నెపోలియన్‌నీ రష్యా సేనాని కుతుజోవ్‌నీ తెచ్చాడు గానీ, మనం ఏడ్చేది నతాషా కోసం, ఆంద్రేయ్ కోసం. వాళ్లు నిజంగా బతికినవాళ్లు కాదు, అందుకే వాళ్ల మనసులోకి ఎంత దూరమైనా వెళ్లొచ్చు. అదే సమయంలో యుద్ధరంగం ఎలా ఉంటుందో చూడ్డానికి ఆయన 1867లో ఆ యుద్ధం జరిగిన బొరొదినో వెళ్లి ఆ పొలాల్లో తిరిగొచ్చాడు.

అరుగుకబుర్లు
టాల్‌స్టాయ్ నెపోలియన్‌కి మాత్రం ఏం న్యాయం చేశాడండీ? పొట్టి, లావు, గొప్పల పోగు. ఒడికొలోన్ రాయించుకుంటూ కూర్చుంటాడు. పగబట్టి రాసినట్టుంటుంది.

సిరామరక
పగే. ఆయన దాచలేదు కూడా. మధ్యలో కథ ఆపి మరీ వాదిస్తాడు, గొప్పవాళ్లు చరిత్ర నడపరని. రచయిత పక్షం ఏదో మొహం మీదే తెలిస్తే చదివేవాడు జాగ్రత్త పడతాడు. తాళపత్రి గారి విషయంలో లేనిది అదే.

నిదానం
పుస్తకం చివర రచయిత గమనిక ఉంటే దాన్ని ముందు చదవాలా, తర్వాతా? ఇది తేల్చండి.

దీపకళిక
తర్వాతే. ముందు చదివితే కథ బయటపడిపోతుంది.

పేజీమడత
నేను ఇకనుంచి కొనేముందు చివరి పేజీ తిప్పి చూస్తాను. చదవను, అసలు గమనిక ఉందా లేదా అని మాత్రం చూస్తాను. ఉంటే ఆ రచయిత మీద భరోసాతో నవలంతా ఆగకుండా చదివేయొచ్చు.

సిరామరక
ఫ్రెంచ్ రచయిత్రి యూర్సెనార్ రోమన్ చక్రవర్తి హేడ్రియన్ గొంతుతో 1951లో రాసిన నవల చివర ఉన్న గమనిక దొరికితే చూడండి. ఏ మాట ఏ ఆధారం నుంచి తీసుకుందో, ఏ మనిషిని తనే కల్పించిందో ఆవిడే విప్పి చెబుతుంది. నవల మీద మోజు తగ్గలేదు సరికదా, ఆ గమనిక కూడా కథలాగే చదివించింది నన్ను.

అరుగుకబుర్లు
గమనిక ఉండాలన్నదానికి నేను అడ్డు చెప్పను. కానీ దాన్ని నియమంగా పెట్టొద్దు. కొన్ని నవలలకి ఆ చివరి వాక్యం తర్వాత ఇంకేమీ ఉండకూడదు.

కొండగాలి
ఉండకపోతే పేర్లు మార్చమనండి. రెండిట్లో ఒకటి.

అరుగుకబుర్లు
చక్రవర్తి పేరు మారిస్తే ఇంకేం మిగుల్తుంది? కరణం పేరు మార్చాలి, అది ఒప్పుకుంటాను. సింహాసనం ఎక్కినవాడు ఎలాగూ పదిమంది నోళ్లలో పడతాడు. ఇంట్లో కూర్చుని లెక్కలు రాసుకున్న మనిషిని పేరుపెట్టి బజార్లోకి లాగకూడదు.

తాళపత్రి
అరుగుకబుర్లు గారూ, మొదటి నుంచీ మీతో గొడవ పడదామనే కాచుకుని కూర్చున్నాను, ఇక కుదిరేలా లేదు :)

సిరామరక
@తాళపత్రి ఒక మనవి. ఆ చిఠ్ఠా పుస్తకం మొత్తం ఫొటోలు తీయించండి. చెదలు అట్టతో ఆగవు. వీలైతే ఒక కాపీ గ్రంథాలయానికో పురాతన పత్రాల భాండాగారానికో ఇవ్వండి. ఆ తిరుగుబాటు మీద రేపు ఇంకొకరు రాయబోయినప్పుడు దస్తూరీ మారిన ఆ పేజీ వాళ్ల కంటపడాలి. మీకు గిట్టనివి ఏమైనా కనబడితే అవి కూడా తీసెయ్యకుండా ఇవ్వండి.

తాళపత్రి
ఫొటోలు తియ్యడానికి మా తమ్ముడు ఒప్పుకున్నాడు. బావమరిది రాసిన పేజీలు కూడా ఇస్తాను, ఆ మాన్యం లెక్కలు అందులోనే ఉన్నాయి. కొన్ని అంకెలు నాకే అర్థం కావు, అంకెల పక్కన ఏవో గుర్తులున్నాయి. పాత కరణాల లెక్కలు చదవగలిగినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

నల్లబల్ల
మా బడిలో పనిచేసి రిటైరైన ఒక మాస్టారికి వచ్చు. పరక, కాణీ, వీసం గుర్తులు ఆయనే నాకు నేర్పారు. ఒక పేజీ పంపండి, చూపిస్తాను.